పదహారేళ్ళు, పాత ఫోర్డు

నేను చదివింది మెకానికల్. చేసేది జావా. మనలో ఇలాంటివాళ్ళు బోలెడుమంది కాబట్టి దీనికి ఎప్పుడూ పెద్దగా సిగ్గుపడలేదు. కానీ ఆ మధ్య ఆన్‌సైట్‌కని కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు మాత్రం నిజంగానే సిగ్గేసింది. నేనున్న ఇంటి పక్కన ఒక హైస్కూలు కుర్రాడు గ్యారేజీలో 1966 మస్టాంగ్ ఇంజను విప్పి పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు మాటల్లో మెకానికల్ ఇంజనీర్నని చెప్పా. "అయితే ఈ కార్బ్యురేటర్ కాస్త చూస్తారా?" అన్నాడు. నాకు వాల్వ్ టైమింగ్ డయాగ్రం గీయడం వచ్చు (సీనియర్ రికార్డు చూసి గీశాననుకోండి). కార్బ్యురేటర్ దగ్గరికి వెళ్ళింది మాత్రం ఒక్కసారే, అది తర్వాత చెప్తా. ఆఫీసు కాల్ ఉందని జారుకున్నా.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టా, అసలు అమెరికా కుర్రాళ్ళకి ఈ పిచ్చి ఎలా పట్టిందా అని. డబ్బులెక్కువై అనుకున్నా. తీరా చూస్తే కథ పూర్తిగా తిరగబడి ఉంది.

మూలం ఫోర్డు మోడల్ టి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర బళ్ళు చేశారు. మొదట్లో 850 డాలర్లు. 1925కల్లా అన్నిట్లో చవకది 260కి దిగింది. అన్నేళ్ళూ ఇంజను డిజైను పెద్దగా మార్చలేదు కాబట్టి ఒక బండి సామాను ఇంకో బండికి పట్టేది. మన భాషలో బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అన్నమాట. ఆపైన 1929 మాంద్యం. పాత ఫోర్డులు పెరళ్ళలో, తుక్కు దుకాణాల్లో పడున్నాయి. ఇళ్ళకి పేపర్లు వేసే కుర్రాడు కూడబెట్టిన చిల్లరతో ఒకటి తెచ్చుకోవచ్చు. నాన్న కొనిపెట్టడమనే ప్రశ్నే లేదు, చాలామంది నాన్నలకి అప్పుడు ఉద్యోగమే లేదు.

1932లో ఫోర్డు 65 హార్స్‌పవర్ వి8 ఇంజను తెచ్చింది, అదీ చవక కారులో. కొన్నేళ్ళకి అవి కూడా గుద్దుకునీ పాతబడీ తుక్కులోకొచ్చాయి. ఇంకేం, బరువు తక్కువ పాత బాడీ, అందులో వి8, మడ్‌గార్డులు పీకేయడం, తిన్నగా మొహావీ ఎడారిలో మ్యూరాక్ అనే ఎండిపోయిన సరస్సుకి పోయి పందేలు. ఈ కుర్రాళ్ళ క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. (ఆ సరస్సు తర్వాత ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో కలిసిపోయింది.)

వీళ్ళలో నాకు బాగా నచ్చినవాడు ఎడ్ ఇస్కెండేరియన్. 1921లో పుట్టాడు. అర్మేనియన్ కుటుంబం, ద్రాక్షతోటలు మంచుకి పోతే లాస్ ఏంజిలస్ చేరారు. హైస్కూలు రోజుల్లోనే మోడల్ టి పిచ్చి పట్టింది. స్నేహితుడి దగ్గర కొన్న పాత బండిలో వి8 పెట్టి, 1942లో గంటకి 120 మైళ్ళు తోలాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఇంజనుకి క్యామ్‌షాఫ్ట్ కావాల్సొచ్చింది. తయారుచేసేవాళ్ళ దగ్గర నెలల తరబడి క్యూ. ఎదురు చూడలేక పాత గ్రైండింగ్ మెషిన్ ఒకటి కొని, దాన్నే మార్చుకుని సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. అదే పెద్ద కంపెనీ అయింది. డిగ్రీ ఏం చదివాడని అడక్కండి, నాకు మళ్ళీ సిగ్గేస్తుంది.

యుద్ధం తర్వాత ఈ పందేలు వీధుల్లోకొచ్చాయి, పేపర్లు తిట్టిపోశాయి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ హాట్ రాడ్ పత్రిక మొదలుపెట్టాడు. 1951లో వాలీ పార్క్స్ జాతీయ సంఘం పెట్టి వీధి పందేల్ని ట్రాక్ ఎక్కించాడు. అమ్మానాన్నలకి అప్పటిగ్గానీ కాస్త ఊపిరాడలేదు.

నాకర్థమైంది ఏంటంటే, వాళ్ళకి పాతకార్ల మీద ప్రేమేం లేదు. చవగ్గా దొరికింది అదే, పాడుచేసినా అడిగేవాడు లేడు. అప్పుడు పీకి పారేసిన మడ్‌గార్డులే ఇప్పుడు అపురూపం! పాతది ఖరీదైపోయాక నాన్న రంగంలోకి రాక తప్పలేదు. పక్కింటి కుర్రాడి మస్టాంగ్‌లో సగం డబ్బు వాళ్ళ నాన్నది. కానీ ఆయన ఒక స్టూలు మీద కూర్చుని చూస్తుండేవాడు తప్ప స్పానర్ ముట్టేవాడు కాదు. పిల్లాడు తప్పు బోల్టు విప్పుతున్నా నోరెత్తడు. నేను గట్టిగా గమనించింది అదే.

మన దగ్గర? అంబాసిడర్ 2014 దాకా వచ్చింది, కానీ అది తుక్కయ్యేలోపు నలుగురు యజమానులు మారేవారు, కుర్రాడి చేతికొచ్చేంత చవకెప్పుడైంది? మా ఇంట్లో ఉన్నది స్కూటర్. తాతయ్య పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్నది. పదో తరగతి సెలవుల్లో దాని కార్బ్యురేటర్ విప్పా. బిగించడం రాలేదు. నాన్న కొట్టలేదుగానీ "అది బొమ్మ కాదురా" అని స్పానర్ల డబ్బా అటక మీద పెట్టేశాడు. నేను ఎంసెట్ పుస్తకాలు తీశా. ఆయన తప్పేం లేదు, పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాల్సింది దాని మీదే.

అమెరికా నుంచి వచ్చాక ఫోన్ చేసి అడిగా, స్కూటర్ ఎక్కడుంది నాన్నా అని.

"పోయినేడే పాత సామానతనికి ఇచ్చేశా కదరా. ఎందుకూ?"

"ఏం లేదు నాన్నా. స్పానర్ల డబ్బా ఉందా?"

"అటక మీదే ఉంది."