పుప్పొడి కాలం: హే ఫీవర్‌కు ప్రకృతిసిద్ధ ఉపశమనాల చరిత్ర

ప్రకృతిసిద్ధమైన వైద్యం అనగానే మనకు ఆకులు, వేర్లు, కషాయాలు గుర్తుకొస్తాయి. మొక్కలు మేలు చేస్తాయి, కీడు మరెక్కడి నుంచో వస్తుంది అనుకుంటాం. ఏటా ఒకే ఋతువులో తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం, కొందరికి ఆయాసం తెచ్చిపెట్టే వ్యాధి విషయంలో ఈ లెక్క తప్పుతుంది. ఇక్కడ కీడు చేసేది కూడా మొక్కే, మరీ చెప్పాలంటే దాని పుప్పొడి. ఇంగ్లండులో ఈ వ్యాధికి హే ఫీవర్, అంటే ఎండుగడ్డి జ్వరం అని పేరు వచ్చింది. నిజానికి ఇందులో జ్వరం ఉండదు. కొత్త ఎండుగడ్డి వాసన వల్ల వస్తుందని జనం నమ్మబట్టి ఆ పేరు నిలిచిపోయింది.

ఋతువుకూ పడిశానికీ ఉన్న సంబంధాన్ని అంతకుముందే గమనించినవారున్నారు. పారశీక వైద్యుడు అల్ రాజీ, వసంతంలో గులాబీలు పూసే వేళ అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడికి పడిశం ఎందుకు పడుతుందో వివరిస్తూ ఒక చిన్న గ్రంథమే రాశాడు. 16వ శతాబ్దపు ఐరోపా వైద్యులు కూడా గులాబీనే తప్పుపట్టారు. అయితే గులాబీ పుప్పొడి బరువైనది, జిగురుగా ఉంటుంది. దాన్ని మోసేది పురుగులు, గాలి కాదు. అదే కాలంలో గడ్డిజాతులు, చెట్లు గాలిలోకి వదిలే సన్నని పుప్పొడి ఎవరి కంటికీ కనపడలేదు. కంటికి కనిపించిన పువ్వు మీద నేరం పడింది.

ఈ వ్యాధిని మొదటిసారి స్పష్టంగా వర్ణించినవాడు లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్. 1819 మార్చి 16న అక్కడి వైద్యుల సంఘంలో ఆయన ఒక పత్రం చదివాడు. అందులో రోగి పేరు 'జె.బి.', వయసు 46 ఏళ్లు, బాల్యం నుంచీ ప్రతి జూన్‌లో బాధ. ఆ రోగి బోస్టాకే. రక్తం తీయించుకున్నాడు, బొబ్బలెక్కించే పట్టీలు వేసుకున్నాడు, నల్లమందు, పాదరసం, చన్నీళ్ల స్నానం అన్నీ ప్రయత్నించాడు. ఏదీ పనిచేయలేదు. సముద్రతీరంలోని రామ్స్‌గేట్‌లో, ఎక్కువగా ఇంట్లోనే ఉంటూ వేసవి గడిపినప్పుడు మాత్రం కొంత తెరిపి కలిగింది. కారణం పుప్పొడి అని ఆయనకు తెలియదు, వేసవి వేడిమి అనుకున్నాడు. కారణం తప్పుగా తెలిసినా ఉపాయం సరైనదే దొరికింది. వైద్య చరిత్రలో ఇలాంటివి మీకు చాలా ఎదురవుతాయి.

1828లో మరికొందరు రోగుల వివరాలతో బోస్టాక్ రెండో పత్రం ప్రకటించాడు. అందులో ఒక మాట చరిత్ర విద్యార్థులు ఆగి చదవాల్సినది. ఈ వ్యాధి మధ్యతరగతి, ఉన్నతవర్గాల వారిలోనే కనిపిస్తోందని, పేదల్లో ఖచ్చితంగా ఇదేనని చెప్పదగ్గ రోగి ఒక్కరు కూడా తన దృష్టికి రాలేదని ఆయన రాశాడు. పేదలకు నిజంగానే రాలేదా? లేక తుమ్ములకు, కళ్ల దురదకు కూలిపని మానుకొని వైద్యుడి దగ్గరికి వెళ్లే స్థోమత వారికి లేక, ఆ బాధ కాగితాలకు ఎక్కలేదా? ఆధారాల్లో లేనంత మాత్రాన లోకంలో లేదనుకోకూడదు. అలాగని ఉండే ఉంటుందనీ తీర్మానించలేం.

కారణాన్ని తేల్చినవాడు మాంచెస్టర్‌కు చెందిన చార్లెస్ బ్లాక్లీ. ఈయన హోమియో వైద్యుడు, స్వయంగా రోగి. 1859లో మొదలుపెట్టి ఏళ్లతరబడి తన మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. రకరకాల పుప్పొడిని ముక్కుపుటాల్లో రాసుకున్నాడు. చేతి మీద చర్మాన్ని గీరి అక్కడ అద్ది, దద్దురు లేవడం చూశాడు. ఈనాడు అలర్జీ నిపుణులు చేసే చర్మపరీక్షకు ఇదే పూర్వరూపం. జిగురు పూసిన గాజుపలకలను ఆరుబయట పెట్టి, వాటికి అంటుకున్న రేణువులను సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాడు. పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి, వెయ్యి అడుగులకు పైన కూడా పుప్పొడి ఉందని చూపాడు. ఈ ఫలితాలన్నీ 1873లో గ్రంథంగా వచ్చాయి. పుప్పొడిలోనే నిత్యం మునిగితేలే రైతులకు ఈ వ్యాధి ఎందుకు అరుదో ఆయనకూ అంతుపట్టలేదు. చదువు, నాగరిక జీవనం వల్ల వచ్చే సున్నితత్వం వారికి లేకపోవడం ఒక కారణం కావచ్చన్నాడు. రోజూ తగలడం వల్ల శరీరం అలవాటుపడి ఉండవచ్చని కూడా అన్నాడు. మొదటి ఊహలో ఆ కాలపు వర్గదృష్టి కనిపిస్తుంది. రెండోదానిలో రాబోయే చికిత్సకు బీజం ఉంది.

ఈలోగా అందుబాటులో ఉన్న ప్రకృతిసిద్ధ ఉపశమనం ఒక్కటే: పుప్పొడి లేని చోటికి వెళ్లిపోవడం. అమెరికాలో మోరిల్ వైమన్ అనే వైద్యుడు న్యూహాంప్‌షైర్ కొండల్లో తన శరత్కాలపు తుమ్ములు ఆగిపోవడం గమనించాడు. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్కను పొట్లం కట్టించి ఆ కొండల మీద విప్పి వాసన చూస్తే ఆయనకూ, కొడుకుకూ తుమ్ములు మొదలయ్యాయి. 1874లో అక్కడి బెత్లెహేమ్ అనే ఊళ్లో హే ఫీవర్ రోగుల సంఘమే ఏర్పడింది. జర్మనీ రోగులకు హెల్గోలాండ్ దీవి అలాంటి ఆశ్రయమైంది. ఈ వైద్యం పనిచేసేది. కానీ వారాల తరబడి సెలవు, రైలు ఛార్జీ, హోటల్ ఖర్చు ఉన్నవారికే దక్కేది. గడ్డి కోసే కూలీకి కొండగాలి ఏ వైద్యుడూ రాసివ్వలేదు.

ఊరు విడిచి వెళ్లలేనివారికి 1911లో ఒక దారి తెరుచుకుంది. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని అతి తక్కువ మోతాదుతో సూదిమందుగా ఇచ్చి, క్రమంగా మోతాదు పెంచాడు. ముల్లును ముల్లుతోనే తీసినట్టన్నమాట. నూన్ 1913లో చనిపోగా సహచరుడు జాన్ ఫ్రీమన్ ఆ పని కొనసాగించాడు.

మూలికల సంగతీ చూద్దాం. చైనా వైద్యంలో మాహువాంగ్ అనే ఎఫిడ్రా మొక్కను శతాబ్దాలుగా ఆయాసానికి వాడారు. 1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ నగయోషి దాని నుంచి ఎఫిడ్రిన్‌ను వేరుచేశాడు. 1924లో పెకింగ్‌లో చెన్, ష్మిట్ దాని గుణాలను ప్రకటించాక అది ప్రపంచమంతా పాకింది. అదే మొక్క గుండెకు ప్రమాదమని తేలడంతో 2004లో అమెరికా ఎఫిడ్రా ఉన్న ఆహార అనుబంధాలను నిషేధించింది. ఈజిప్టులో వాడుకలో ఉన్న ఖెల్లా మొక్క నుంచి మరో కథ నడిచింది. దానిలోని పదార్థం ఆధారంగా తయారైన రసాయనాలను, ఉబ్బసం ఉన్న రోజర్ ఆల్టౌన్యన్ అనే వైద్యుడు తన మీదే పరీక్షించుకొని, 1965లో క్రోమోగ్లైకేట్‌ను గుర్తించాడు. అది నేటికీ కంటి చుక్కల మందుగా, ముక్కులో కొట్టుకునే మందుగా దొరుకుతుంది. మొక్క ఒకటి ఉండటంతోనే ఇది జరగలేదు. ఎంత మోతాదు, ఎవరికి, ఏ హాని అని అడిగినవారు కూడా ఉండబట్టి జరిగింది.

వర్షాకాలపు కాంటాక్ట్ తరగతుల్లో విద్యార్థులు నన్ను ఎప్పుడూ అడిగేది తేనె గురించి. మన ఊరి తేనెలో మన ఊరి పుప్పొడి ఉంటుంది కాబట్టి అలవాటు పడతామని వాదన. వినడానికి నూన్ పద్ధతిలాగే ఉంటుంది. కానీ తేనెటీగలు తెచ్చేది ప్రధానంగా పురుగులు మోసే పుప్పొడి, మనల్ని బాధించేది గాలి మోసేది. 2002లో అమెరికాలోని కనెక్టికట్‌లో జరిగిన పరీక్షలో తేనెకు, తేనె రుచి కలిపిన పాకానికి తేడా కనపడలేదు. తేనె తినండి, రుచికి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మాత్రం పరీక్షకు నిలిచింది. హఠయోగ ప్రదీపికలో చెప్పిన నేతి దారంతో చేసేది. నీటితో చేసే జలనేతి నేడు ఎక్కువ వాడుకలో ఉంది. నీరు మరిగించి చల్లార్చినదై ఉండాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు, ఆ నీటిలోని అమీబా మెదడుకు చేరి మరణించారు. ఆయాసం ఉన్నవారు వీటిని నమ్ముకొని డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మానకూడదు.

మన నేల మీద ఈ చరిత్ర మరో మొక్కతో సాగుతోంది. వయ్యారిభామ, కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు, శాస్త్రనామం పార్థీనియం. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపు 1950లలో పుణెలో గుర్తింపుకొచ్చి దేశమంతా వ్యాపించింది. చర్మానికి దద్దుర్లు, ముక్కుకు తుమ్ములు తెస్తుంది. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1980లలో బెంగళూరు నుంచి వదిలారు. వానలు పడ్డాక ఆ పురుగు ఆకులను జల్లెడ చేస్తుంది. వానలు తగ్గాక మట్టిలోకి దిగి నిద్రపోతుంది, మొక్క మళ్లీ తలెత్తుతుంది. మిగిలిన పని చేతులతోనే జరగాలి. పూత రాకముందే, తేమ ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. మా కాలనీలో ఏటా ఆ పని కూలీలే చేస్తారు, చాలాసార్లు వట్టి చేతులతో. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ అడిగి ఇప్పించడం పని చెప్పినవారి బాధ్యత.