గంజీఫా ముక్కల్లో కనిపించని రైతు

పేకాట అనగానే మన అభ్యుదయవాదులు ముఖం చిట్లిస్తారు. పనీపాటూ లేని జమీందారుల కాలక్షేపమనీ, పేదవాడి కూలిడబ్బులు మింగే వ్యసనమనీ ఒక్కమాటలో తేల్చివేస్తారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాని వ్యసనాన్ని ఖండించటం వేరు, ఆ వస్తువు చరిత్రను పట్టించుకోకుండా వదిలివేయటం వేరు. ఒక కాలపు పాలకులు తమ రాజ్యాన్ని ఏ రూపంలో వూహించుకున్నారో తెలుసుకోవటానికి శాసనాలూ కావ్యాలూ ఎంత పనికివస్తాయో, పేకముక్కలూ అంతే పనికివస్తాయి.

పాశ్చాత్యదేశాలలో ఈ పరిశోధన ఎంతో జరిగింది. మైకేల్ డమ్మెట్ వంటి తర్కశాస్త్రవేత్త 1980లో టారట్ ముక్కలపై పెద్ద గ్రంథమే వ్రాసి, జాతకాలు చెప్పటానికి పుట్టాయని జనం నమ్మే ఆ ముక్కలు శతాబ్దాల పాటు కేవలం ఆటకే వాడారనీ, వాటికి సోదె అంటగట్టింది 18వ శతాబ్దమేననీ నిరూపించాడు. మన గంజీఫా విషయంలో ఎక్కువగా శ్రమించినవాడు జర్మనీ నుంచి వచ్చి బొంబాయిలో స్థిరపడిన కళావిమర్శకుడు రుడాల్ఫ్ ఫాన్ లైడెన్. ఇలాంటివారి కృషివల్ల ముక్కల ఆకారం, రంగులు, ఆట నియమాలు మనకు తెలిశాయి. ముక్క మీదికి ఎక్కిన మనిషి ఎవడు, ఎక్కని మనిషి ఎవడు అన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోవలసే వుంది.

గంజీఫా ముక్కలు గుండ్రంగా వుంటాయి. సాధారణంగా ముగ్గురు ఆడతారు. ఈ ఆటమీద ఇష్టంతో అడిగిన సింధు పాలకుడు షా హసన్‌కు 1527లో ముక్కలు పంపినట్లు బాబరు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. బాబరు మనుమడి కాలం వచ్చేసరికి ఆటలోకి రాజ్యాంగమంతా దిగింది. 1590ల నాటి ఐనె అక్బరీలో అబుల్ ఫజల్ దీన్ని తీరికగా వర్ణించాడు. 1873లో అచ్చయిన బ్లాక్‌మన్ ఆంగ్లానువాదం ఇప్పటికీ దొరుకుతుంది.

పూర్వపు కట్టలో పన్నెండు రంగులు. ఒక్కొక్క రంగుకు ఒక రాజు, ఒక మంత్రి, పది అంకెల ముక్కలు. మొత్తం 144. మొదటి రాజు అశ్వపతి, రెండవవాడు గజపతి, మూడవవాడు నరపతి. రాయవాచకం చదివిన తెలుగు విద్యార్థికి ఈ మూడు పేర్లూ కొత్తవి కావు. అక్కడ అశ్వపతి ఢిల్లీ తురకరాజు, గజపతి ఒరిస్సా రాజు, నరపతి విజయనగర రాజు. అబుల్ ఫజల్ కూడా అశ్వపతిని ఢిల్లీ పాదుషాతోనూ, గజపతిని ఒరిస్సాతోనూ పోల్చాడు. నరపతి దగ్గరకు వచ్చేసరికి బిజాపూరు పాలకుల పేరు చెప్పాడు! 1565లో విజయనగరాన్ని కూలగొట్టిన సుల్తానులలో బిజాపూరువాడు ఒకడు. ఓడినవాడి సింహాసనంతోపాటు పేకముక్కల్లోని బిరుదును కూడా గెలిచినవాడి లెక్కలో వేసినట్లయింది.

అసలు విశేషం అక్బరు చేసిన మార్పుల్లో వుంది. ధనపతి రంగులో రాజు డబ్బు పంచుతూ వుంటాడు, మంత్రి ఖజానా చూస్తూ వుంటాడు. మిగిలిన పది ముక్కలమీదా పనివాళ్లు. నగపనివాడు, లోహం కరిగించేవాడు, బిళ్లలు నరికేవాడు, తూచేవాడు, నాణెం ముద్ర కొట్టేవాడు, మొహరీలు లెక్కపెట్టేవాడు, లెక్కలు వ్రాసేవాడు — ఇలా టంకసాల టంకసాలే ముక్కలమీదికి వచ్చింది. బరాతు రంగులో పాదుషా ఫర్మానాలూ దఫ్తరు కాగితాలూ పరిశీలిస్తూ వుంటే, కింద కాగితం చేసేవాడు, గీతలు గీసేవాడు, ఫర్మానా వ్రాసేవాడు, బైండు కట్టేవాడు. ఖడ్గం రంగులో ఆయుధాలు చేసేవాళ్లు, సానపట్టేవాళ్లు. కిరీటం రంగులో దర్జీలు. గులాము రంగులో రాజు ఏనుగుమీద, మంత్రి బండిమీద. పది ముక్కలలోనూ సేవకులు — కొందరు కూర్చుని, కొందరు సాగిలపడి, కొందరు తాగి, కొందరు తాగకుండా.

శ్రామికుడి బొమ్మ రాజుగారి చేతిలోని ముక్కమీదికి ఎక్కటం చిన్న విషయం కాదు. ఇది చూసి అక్బరు శ్రమను గౌరవించాడని వుప్పొంగిపోయేవారు వుంటారు. కాని జాబితాను మరొకసారి చదవండి. ఇందులో నాగలి పట్టినవాడు ఎక్కడ?

లేడు. టంకసాలలో వెండి కరిగించేవాడు వున్నాడు, ఆ నాణేలు ఎవరి పంటనుంచి శిస్తుగా వచ్చాయో అతను లేడు. 1580లో అమలుకు వచ్చిన పదేళ్ల సగటు లెక్కప్రకారం పంటలో మూడోవంతు సర్కారు భాగం. దాన్ని నగదు చేసి కట్టాలి. ఆ వసూలు భారం రైతును ఊరొదిలి పారిపోయేదాకా, చివరకు తిరగబడేదాకా ఎట్లా తీసుకుపోయిందో ఇర్ఫాన్ హబీబ్ 1963లో ప్రకటించిన గ్రంథంలో సవిస్తరంగా చూపాడు. బరాతు అంటేనే రాబడిమీద వ్రాసి ఇచ్చే హక్కు కాగితం. కాగితానికి ఒక రంగు మొత్తం దక్కింది, రాబడి ఇచ్చేవాడికి ఒక్క ముక్క కూడా దక్కలేదు.

ఇంతకంటె కొట్టవచ్చినట్లు కనిపించేది కిమాషు, అంటే సరుకుల రంగు. పాదుషా పట్టుబట్టలు చూస్తూ వుంటాడు. కింది పది ముక్కల్లో ఎవరుండాలి? సాలెవాడుండాలి, అద్దకంవాడుండాలి. కాని అక్కడున్నవి బరువులు మోసే పశువులు. దర్బారుకు కనిపించేవాడు దర్బారు కార్ఖానాలలో పనిచేసేవాడే. ఊళ్లో మగ్గంముందు కూర్చున్నవాడు కనపడడు. ఆయన నేసిన బట్ట గిత్తమీద వచ్చినప్పుడు గిత్త కనపడుతుంది.

ఈ వివరమైన బొమ్మలు బజారులో నిలవలేదు. తరువాతి ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలు. దంతంమీద, బంగారు పూతతో దర్బారు కట్టలు తయారయితే, గుడ్డ పొరలు అతికించి లక్క పూసిన కట్టలు సామాన్యులకు. ఇన్ని ముక్కలు చౌకగా వ్రాయవలసిన చిత్రకారుడు టంకసాలను నాణెపు చుక్కగా, ఆయుధశాలను కత్తి గీతగా కుదించాడు. గులాము రంగులో మనుషుల బొమ్మలే అంకె గుర్తులైనాయి.

మొఘల్ కట్టలో సగం రంగులలో పది పెద్దది, సగం రంగులలో ఒకటే పెద్దది. మా విద్యార్థి ఒకడు ఇది వర్గక్రమాన్ని తలకిందులు చేసే ప్రజల వూహ అని వ్యాసం వ్రాశాడు. వుత్సాహం మంచిదే. కాని ఏ రంగులోనూ రాజూ మంత్రీ కదలరని అతను గమనించలేదు. తలకిందులయ్యేది కింది పదిమంది మధ్య వరస మాత్రమే.

దశావతార గంజీఫా వచ్చాక రాజుల స్థానంలో దేవుళ్లు కూర్చున్నారు, 120 ముక్కలు. సావంతవాడిలో, విష్ణుపూరులో, ఒరిస్సా పల్లెల్లో, మన నిర్మల్, నొస్సం వంటి చోట్ల చిత్రకార కుటుంబాలు ఈ పనిమీద బతికాయి. మైసూరులో 1831లో పరిపాలన ఆంగ్లేయుల చేతికి పోయిన తరువాత ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కొత్త కొత్త పేకలు కల్పించటంలో తీరికను గడిపాడు. వాటిలో ఒకదానికి 360 ముక్కలు. రాజ్యం లేని రాజుకు అన్నిమంది రాజులు అవసరమైనారేమో!

చిత్రకారుడిని దెబ్బతీసింది ఐరోపా అచ్చుయంత్రం. 52 ముక్కల అచ్చు కట్టతో 120 ముక్కల చేతిపని ధరలో ఎట్లా పోటీపడుతుంది? ఆ కట్ట ఏ దారిన వచ్చిందో మన భాషే కొంత చెబుతున్నది. కళావరు అన్న మాటలో డచ్చివారి క్లావర్, ఆటీనులో వారి హార్టెన్ నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి. 17వ శతాబ్ది ఆరంభం నుంచి బందరులో డచ్చి వర్తకులున్నారు గదా. కలంకారీ బట్టలు కొనటానికి వచ్చినవారు పేకముక్కల పేర్లు వదలిపోయారన్నమాట.

పాత కట్టలోని పేర్లలో ఒకటి మాత్రం కొత్త కట్టలోనూ వినపడుతుంది. తెలుగులో మనం జాకీ అంటున్న ముక్కను హిందీ, వుర్దూ మాట్లాడేవారు గులాం అంటారు. పదికి పైన, రాణికి కింద.