బెనిన్ ఇత్తడి బొమ్మలు



ఒడిశా సరిహద్దున ఉన్న మనవాళ్లు డోక్రా బొమ్మలు చూసే ఉంటారు. తమిళనాట స్థిరపడ్డవారికి స్వామిమలై విగ్రహాలు తెలుసు. మైనంతో రూపం దిద్ది, మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మట్టి పగలగొడితేగానీ బొమ్మ బయటికి రాదు. అందుకే ఒక అచ్చుకు ఒకటే బొమ్మ.

సరిగ్గా ఈ విద్యే ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరంలో వందల ఏళ్లుగా ఉంది. అక్కడి రాజును ఓబా అంటారు. ఇగున్ వీధి పోతపనివారు ఒకప్పుడు ఆయన కోసమే పనిచేసేవారు. 16, 17 శతాబ్దాల్లో రాజభవనం స్తంభాలకు ఇత్తడి పలకలు బిగించారు. వాటిమీద ఓబా, సైనికులు, పోర్చుగీసు వర్తకులు కనిపిస్తారు. కాగితం మీద రాయని ఆ రాజ్యచరిత్ర అంతా ఆ పలకల మీదే ఉందన్నమాట.

మరి అంత ఇత్తడి ఎక్కడిది? పోర్చుగీసువారు కడియాల రూపంలో తెచ్చి మిరియాలు, ఏనుగు దంతాలు, బానిసలను కొనుక్కుపోయేవారు. బొమ్మల అందం చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాచడం న్యాయం కాదు. ఆ కడియాల ఇత్తడి చాలావరకు జర్మనీలోని రైన్ నదీ ప్రాంతానిదని 2023లో వెలువడిన పరిశోధన తేల్చింది.

1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన బెనిన్‌ను పట్టుకుంది. అంతకు ముందు నెలలో తమ బృందాన్ని చంపారన్నది వారు చెప్పిన కారణం. నగరం తగలబడింది. వేలకొద్దీ కళాఖండాలు ఓడలెక్కాయి. ఓబా ఒవొన్‌రామ్వెన్‌ను కలబార్‌కు పంపేశారు. ఆయన 1914లో అక్కడే కన్నుమూశాడు. బొమ్మలు చూసిన యూరప్ పండితులు కొందరు, ఇవి ఆఫ్రికావారు చేసినవంటే ముందు నమ్మలేదు! పోర్చుగీసువారు నేర్పి ఉంటారని ఊహించారు.

1977లో లాగోస్‌లో జరిగిన పెద్ద కళోత్సవానికి రాణి ఇదియా దంతపు ముఖాన్ని చిహ్నంగా పెట్టుకున్నారు. అసలుది ఎరువివ్వమని అడిగితే బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు. తమ రాణి ముఖానికి తామే నకలు చెక్కించుకోవలసి వచ్చింది. 2022లో జర్మనీ కొన్నిటిని తిరిగి ఇచ్చింది. 2025లో నెదర్లాండ్స్ 119 పంపింది. బ్రిటిష్ మ్యూజియంలో మాత్రం ఇంకా తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి.

ఈ కాలపు కళాకారుల్లో ఎల్ అనాట్సుయిని చెప్పుకోవాలి. 1944లో ఘనాలో పుట్టి, నైజీరియాలోని న్సుక్కా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు బోధించాడు. సారా సీసాల మూతలను చదును చేసి, రాగి తీగతో కుట్టి, గోడంత వస్త్రాల్లా వేలాడదీస్తాడు. ఆయన ఆ మూతలనే ఏరుకోవడంలో అర్థముంది. యూరప్ వర్తకులు తెచ్చిన సరుకుల్లో సారా కూడా ఒకటి. 2015లో వెనిస్‌లో జీవిత సాఫల్యానికి స్వర్ణసింహం ఆయనకు దక్కింది.

ఇగున్ వీధిలో కొలుములు ఇప్పటికీ ఆరలేదు. పాత కుళాయిలు, యంత్రాల ముక్కలు కరిగించి పోతపోస్తున్నారు. ఇప్పుడు ఓబాకే కాదు, అడిగిన ఎవరికైనా అమ్ముతారు.