న్యూరల్ ప్రాసెసర్లలో పనుల షెడ్యూలింగ్

న్యూరల్ నెట్‌వర్కుల లెక్కల కోసమే తయారైన చిప్‌లను ఎన్‌పీయూలు అంటారు. వాటిలో ఏ పని ముందు జరగాలి, ఏ డేటా ఎప్పుడు లోపలికి రావాలి, ఏ గుణకారం ఏ యూనిట్‌కు వెళ్లాలి అని నిర్ణయించడమే షెడ్యూలింగ్. గత నాలుగు దశాబ్దాల్లో ఈ నిర్ణయాధికారం చేతులు మారుతూ వచ్చింది. మొదట సర్క్యూట్ అమరికలో ఉండేది, తర్వాత కంపైలర్‌కు చేరింది. ఇప్పుడు దానిలో చాలా భాగం పని నడుస్తుండగా సర్దుబాట్లు చేసే రన్‌టైమ్ సాఫ్ట్‌వేర్‌దే.

చిక్కంతా డేటా రవాణాలో ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం, 45 నానోమీటర్ల చిప్‌లో రెండు 32 బిట్ల పూర్ణాంకాలను కూడడానికి అయ్యే శక్తి సుమారు 0.1 పికోజౌల్. చిప్ బయట ఉండే డ్రామ్ మెమరీ నుంచి 64 బిట్లు తేవాలంటే మాత్రం 1,300 నుంచి 2,600 పికోజౌల్స్ ఖర్చవుతాయి. అందుకే లోపలికి తెచ్చిన సంఖ్యను బయటికి పంపేలోపు వీలైనన్నిసార్లు వాడుకోవడం ఈ రంగంలో మొదటి సూత్రమైంది.

సర్క్యూట్ నుంచి కంపైలర్‌కు

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హెచ్.టి. కుంగ్, చార్లెస్ లైసర్సన్ 1978లో సిస్టాలిక్ అరే పద్ధతిని వివరించారు. చిన్న చిన్న లెక్కల యూనిట్లను వరుసలుగా పేర్చి, ప్రతి యూనిట్ తన ఫలితాన్ని పక్క యూనిట్‌కు నేరుగా అందించేలా చేయడం ఇందులోని ఆలోచన. మధ్యలో మెమరీకి వెళ్లిరావాల్సిన అవసరం ఉండదు. ఎవరి వంతు ఎప్పుడన్నది ఆ అమరికే చెబుతుంది.

ఈ ఆలోచన భారీ ఎత్తున అమలు కావడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. జనం రోజుకు మూడు నిమిషాలు గొంతుతో వెతికినా తమ డేటా సెంటర్ల సామర్థ్యాన్ని రెట్టింపు చేయాల్సి వస్తుందని గూగుల్ 2013లో అంచనా వేసింది. దాని ఫలితమే 2015లో వాడకంలోకి వచ్చిన టీపీయూ అనే చిప్. అందులో 256 వరుసలు, 256 నిలువుల్లో 65,536 గుణకార యూనిట్లు ఉన్నాయి. సాధారణ ప్రాసెసర్లలోని కాష్‌కు బదులు సాఫ్ట్‌వేర్ నడిపే 28 మెగాబైట్ల మెమరీ పెట్టారు. ఒక గుణకారం జరుగుతుండగానే తర్వాతి దానికి కావాల్సిన వెయిట్లను (నెట్‌వర్క్ నేర్చుకున్న సంఖ్యలను) ముందుగా తెప్పించుకోవడం దీని పనితీరుకు కీలకం.

అయినా ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. సెకనుకు 92 లక్షల కోట్ల లెక్కలు చేయగల ఈ చిప్, ఒక నెట్‌వర్క్‌పై 86 లక్షల కోట్ల దాకా అందుకుంది. వరుస డేటాను చదివే ఎల్‌ఎస్‌టీఎం రకం నెట్‌వర్క్ ఒకదానిపై 2.8 లక్షల కోట్ల దగ్గరే ఆగిపోయింది. వెయిట్ల రాక కోసం యూనిట్లు ఖాళీగా ఉండిపోవడమే కారణమని 2017లో గూగుల్ ఇంజనీర్లు ప్రచురించిన పత్రం చూపింది.

బ్యాచ్ పరిమాణం మరో మెలిక. ఎక్కువ ప్రశ్నల్ని ఒకేసారి పంపితే తెచ్చిన వెయిట్లకు పని పెరుగుతుంది, కానీ ముందొచ్చిన వినియోగదారుకు జవాబు ఆలస్యమవుతుంది. ఒక అప్లికేషన్‌కు 7 మిల్లీసెకన్ల గడువు పెట్టినప్పుడు సీపీయూ, జీపీయూలు 16 ప్రశ్నల బ్యాచ్ దగ్గరే ఆగాల్సి వచ్చింది. టీపీయూ 200 దాకా వెళ్లగలిగింది.

ఎంఐటీ వారి ఐరిస్ చిప్ 2016లో 168 యూనిట్ల మధ్య డేటాను తిరిగి వాడుకునే కొత్త క్రమాన్ని చూపింది. 2018లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన టీవీఎం కంపైలర్, మ్యాట్రిక్స్‌ను ఏ సైజు ముక్కలుగా కోయాలో యంత్రమే వెతుక్కునేలా చేసింది. టీపీయూ బృందంలో పనిచేసిన జొనాథన్ రాస్ స్థాపించిన గ్రోక్ సంస్థ, 2020లో వివరించిన చిప్‌లో కంపైలర్ అధికారాన్ని అంచు దాకా తీసుకెళ్లింది. ఏ సైకిల్‌లో ఏం జరగాలో అంతా కంపైలర్ ముందే నిర్ణయించేస్తుంది.

రన్‌టైమ్ చేతికి

ముందే గీసిన ప్రణాళిక ఒక్క మోడల్‌కు సరిపోతుంది. ఒకే చిప్‌పై పలు మోడళ్లు పోటీపడితే, చిన్న అత్యవసర పని పెద్ద పని వెనుక చిక్కుకుంటుంది. కొరియాలోని కైస్ట్ పరిశోధకులు 2020లో ప్రేమా అనే పద్ధతిని ప్రతిపాదించారు. అది ప్రతి పనికీ పట్టే సమయాన్ని ముందుగా అంచనా వేస్తుంది. ప్రాధాన్యాన్ని బట్టి, నడుస్తున్న పనిని మధ్యలో ఆపి మరొకదానికి చోటిస్తుంది.

పెద్ద భాషా మోడళ్లతో ఈ సమస్య ఇంకా ముదిరింది. ఎంత పొడవు జవాబు వస్తుందో ముందు తెలియదు. ఒక బ్యాచ్‌లో పొడవైన జవాబు పూర్తయ్యేదాకా పొట్టివి వేచి ఉండాల్సి వచ్చేది. 2022లో సియోల్ నేషనల్ యూనివర్సిటీ, ఫ్రెండ్లీఏఐ పరిశోధకులు ప్రకటించిన ఓర్కా దీన్ని మార్చింది. ప్రతి స్టాపులో దిగేవారు దిగి, ఎక్కేవారు ఎక్కే సిటీ బస్సులా, ప్రతి టోకెన్ (జవాబులోని పదం లేదా దాని ముక్క) తర్వాతా బ్యాచ్ మారుతుంది. మరుసటి ఏడాది బర్క్‌లీ నుంచి వచ్చిన వీఎల్‌ఎల్‌ఎం, మెమరీని చిన్న ముక్కలుగా పంచే ఆపరేటింగ్ సిస్టమ్‌ పేజింగ్ పద్ధతిని జీపీయూ మెమరీకి అన్వయించింది. అప్పటి వ్యవస్థల్లో, అంతవరకు వచ్చిన టోకెన్ల లెక్కలను దాచుకోవడానికి కేటాయించిన మెమరీలో 20 నుంచి 38 శాతమే నిజంగా ఉపయోగపడుతోందని దాని రూపకర్తలు కొలిచి చూపారు.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు

2017లో హువావే కిరిన్ 970, ఆపిల్ ఏ11 చిప్‌లతో ఎన్‌పీయూ జేబులోకి వచ్చింది. ఇక్కడ బ్యాటరీ, వేడి కూడా షెడ్యూలర్ చూసుకోవాల్సినవే. ఎన్‌పీయూకు రాని లెక్క ఎదురైతే పని సీపీయూకు మళ్లుతుంది, ఆ రాకపోకలకే సమయం పోతుంది. 2024లో మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీలకు సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ఎన్‌పీయూను కనీస అర్హతగా పెట్టింది. అది గరిష్ఠ సామర్థ్యమే తప్ప రోజువారీ వేగానికి హామీ కాదు. ఆ తేడా తెలియాలనే 2019 నుంచి ఫలితాలు వెలువరిస్తున్న ఎంఎల్‌పెర్ఫ్ ఇన్ఫరెన్స్ పరీక్షల్లో ఒంటరి ప్రశ్నలు, సర్వర్ రద్దీ, తీరికగా చేసే భారీ పనుల వంటి సందర్భాలను వేర్వేరుగా కొలుస్తున్నారు.