సీనియారిటీ జాబితాలో మా పెద్దలు

మా జొన్నగిరి దిక్కు తొలకరి పడితే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు. మా వాడల్లో ముందు తరానికి దొరికిన వజ్రం సర్కారు నౌకరీ. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన పెద్దల్ని "ఆశ లేనోళ్లు" అంటారు కొందరు. ఆ మాట అనేముందు కోర్టు తీర్పులు చదవాల.

1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు ప్రమోషన్లలో రిజర్వేషన్ చెల్లదంది. 1995లో 77వ సవరణ 16(4ఎ) చేర్చి నిలబెట్టింది. ప్రమోషనైతే వచ్చింది, సీనియారిటీ మీద మళ్లీ పేచీ. వెనక ప్రమోషన్ పొందిన జనరల్ ఉద్యోగి తిరిగి పైకి ఎక్కేవాడు. 2001లో 85వ సవరణ దాన్ని సరిచేసింది. 2006లో నాగరాజ్ తీర్పు మన వెనకబాటుకు లెక్కలు చూపమంది. అంటరానితనానికి రుజువంట! 2018లో జర్నైల్ సింగ్ కేసులో ఆ షరతు ఎత్తేశారు. ఈలోగా ఒక తరం పింఛన్లోకి పోయింది.

"ప్రమోషన్ కోసం ఇరవై ఏండ్లు కూచోలేం సార్, బెంగళూరు పోతాం" అంటారు మా విద్యార్థులు. తప్పుబట్టను. పోయే చోట ప్రైవేటు కంపెనీకి 16(4ఎ) వర్తించదని మాత్రం చెప్తాను.