డైనమో నుంచి ఆల్టర్నేటర్ దాకా: మన బండ్ల చార్జింగు కథ

ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలలో కొలువు చేసిన మన తరం ఉద్యోగులకు ఆఫీసు జీపును తోయడం కూడా డ్యూటీలో ఒక భాగంగానే ఉండేది. పొద్దున్నే డ్రైవరు సెల్ఫ్ కొడితే టిక్కుమని ఒక చప్పుడు చేసి ఊరుకునేది. అటెండరు, టైపిస్టు, అర్జీ పట్టుకొని వచ్చిన రైతు అందరూ కలిసి నాలుగడుగులు తోస్తే ఇంజను అందుకునేది. ఆ తరువాత అందరి నోటా ఒకటే మాట: "బ్యాటరీ పోయింది." చాలాసార్లు బ్యాటరీకి ఏ రోగమూ ఉండేది కాదు. దానికి తిండి పెట్టే యంత్రమే మూలన పడి ఉండేది. ఆ యంత్రం చరిత్రను, ఇప్పటికీ ఇంటి ముందు పాత కారు ఉంచుకున్న సభ్యులకు పనికొచ్చే నాలుగు సంగతులను ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తాను. నేను మెకానిక్కును కాను. వాహనాల లాగ్ బుక్కులు, మరమ్మతు బిల్లులు చూసిన గుమాస్తాను. ఏ సామాను ఎందుకు మార్చారో తెలియనిదే బిల్లు మీద నోట్ రాయలేం కదా! ఆ అవసరమే నాకు ఈ చదువు చెప్పింది.

కార్బైడు దీపాల కాలం

తొలినాటి మోటారు కార్లకు పెద్ద బ్యాటరీతో పని లేదు. దీపాలు కార్బైడు వాయువుతో వెలిగేవి. ఇంజనును ముందు వైపు హ్యాండిలు పెట్టి తిప్పేవారు. హ్యాండిలు ఎదురు తన్ని చేతులు విరిగిన వారెందరో. 1912లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో వచ్చింది. స్టార్టరుకు బలమైన బ్యాటరీ కావాలి. బ్యాటరీని నింపడానికి ఇంజనుతోపాటు తిరిగే యంత్రం కావాలి. అలా డైనమో కారులో స్థిరపడింది.

దాని మూలం ఇంకా పాతది. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి కదిలితే కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. మరుసటి ఏడే ఫ్రాన్సులో పిక్సీ అనే ఆయన చేత్తో తిప్పే యంత్రం చేశాడు. అందులో పుట్టిన కరెంటు ఒకసారి ఇటు, ఒకసారి అటు పారింది. బ్యాటరీ నిండాలంటే కరెంటు ఒకే దిక్కుకు పారాలి. అందుకోసం కమ్యుటేటర్ అనే రాగి పలకల చక్రాన్ని, దాన్ని రాసుకుంటూ ఉండే బ్రష్షులను అమర్చారు. డైనమోకు ప్రాణమూ అదే, బలహీనతా అదే.

ల్యాంపు రూము పాఠం

శ్రీరాంపూర్ వాళ్ళకు చార్జింగు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బాయి దిగే కార్మికుడు నడుముకు బ్యాటరీ, టోపీకి దీపం కట్టుకుంటాడు. షిఫ్టు దిగగానే దాన్ని ల్యాంపు రూములో అప్పగిస్తాడు. అక్కడ ర్యాకులో పెట్టి చార్జింగు చేస్తే మళ్ళీ షిఫ్టుకు దీపం సిద్ధం. ఒక షిఫ్టు చార్జింగు తప్పితే చీకట్లో ఏమవుతుందో గని కుటుంబాలకు తెలుసు. కారుకు ల్యాంపు రూము లేదు. నడుస్తూ నడుస్తూనే తన బ్యాటరీని తాను నింపుకోవాలి.

మన ప్రాంతపు బొగ్గు చేసే పని కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. రామగుండంలో ఎన్.టి.పి.సి. మొదటి యూనిటు 1983లో మొదలైంది. జైపూర్ మండలంలో సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం 2016లో ఉత్పత్తికి వచ్చింది. అక్కడ నిమిషానికి 3000 చుట్లు తిరిగే భారీ జనరేటర్లు ఆల్టర్నేటర్లే. కారు బానెట్ కింద కొబ్బరికాయంత ఉండేది వాటి చిన్న తమ్ముడు.

మన రోడ్ల మీద డైనమోలు

హైదరాబాద్ సంస్థానంలో నిజాం స్టేట్ రైల్వే వారు 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. 1947లో మహీంద్రా వారు మన దేశంలో జీపుల కూర్పు మొదలుపెట్టారు. 1957లో హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ వచ్చింది. 1960ల ఆరంభంలో మద్రాసు దగ్గర పాడిలో లూకాస్ టి.వి.ఎస్. కర్మాగారం వెలిసి, బండ్ల విద్యుత్ సామాను ఇక్కడే తయారు కాసాగింది. కలెక్టరు కారు నుంచి బ్లాకాఫీసు జీపు దాకా అప్పటి ఇంజన్ల పక్కన ఉన్నది డైనమోయే. పక్కనే కటౌట్ పెట్టె. డ్యాష్ బోర్డు మీద ఆంప్ మీటరో, ఎర్ర దీపమో ఉండేది.

డైనమోలో ఒక లోపం ఉంది. ఇంజను మెల్లగా తిరుగుతుంటే అది దాదాపు ఏమీ ఇవ్వదు. అప్పటి కార్ల డైనమోలు జోరుగా తిరిగినా ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లే. ఇక ఖర్చు చూడండి. 45 వాట్ల హెడ్ లైట్లు రెండు కలిస్తే 90 వాట్లు. 12 వోల్టుల బండిలో అది ఏడున్నర ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కు, వైపరుకు, వెనుక దీపాలకు కలిపి మరో ఆరేడు. పగలు తారు రోడ్డు మీద పోతే రాబడి మిగులుతుంది. రాత్రి వానలో బురద దారిన పాకుతూ పోతే అంతా బ్యాటరీ మూలధనం లోంచే.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మన తరం మరిచిపోలేదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ రాత్రుల్లో మా ఆఫీసు జీపు కూడా ఒడ్డు ఊళ్ళ వెంట తిరిగింది. హెడ్ లైట్లు ఆర్పడానికి లేదు, వైపరు ఆపడానికి లేదు, రెండో గేరు దాటడానికి లేదు. ఒక వాగు దగ్గర బండి ఆగిపోయింది. వెనుక సీట్లో ఒక బాలింత, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాగు పెరుగుతున్నది. సెల్ఫ్ పలకలేదు. దీపాలు దీపావళి మరునాటి ప్రమిదల్లా ఉన్నాయి. మా డ్రైవరు సీటు కింద నుంచి హ్యాండిలు తీసి, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, నాలుగో తిప్పుకు ఇంజను లేపాడు. తరువాత నాతో అన్నాడు: "సార్, బండి ఉరికితేనే డైనమో కరెంటు ఇస్తది. ఇట్ల పాకితె యాడికెల్లి తెస్తది? పైగా బ్రష్షులు అరిగినయని నెల కింద్నే చెప్పిన."

ఆఫీసులో మాత్రం బ్యాటరీ మీదనే తీర్మానం జరిగింది. కొత్తది కొన్నారు. ఇరవై రోజులకు అదీ దిగిపోయింది. అప్పుడు డైనమో విప్పితే కార్బన్ బ్రష్షులు గోరంత మిగిలి ఉన్నాయి. కొన్ని రూపాయల సామాను కోసం వందల రూపాయల బ్యాటరీ బలైంది. అంతకన్నా పెద్ద నష్టం ఆ వాగు ఒడ్డున తప్పింది. తప్పించింది ఆ డ్రైవరు రెక్కలు.

ఆల్టర్నేటర్ రాక

1950లలో సిలికాన్ డయోడ్లు వచ్చాక దారి మారింది. ఇటు అటు పారే కరెంటును ఒకే దిక్కుకు మళ్ళించడానికి కమ్యుటేటర్ అక్కరలేకపోయింది. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతమైన రోటర్ తిరుగుతుంది, కరెంటు పుట్టే తీగచుట్ట కదలకుండా ఉంటుంది. బ్రష్షుల గుండా పోయేది రోటర్‌కు కావలసిన కొద్ది ఆంపియర్లే కనుక అవి చాలాకాలం మన్నుతాయి. చిన్న పుల్లీ పెట్టి వేగంగా తిప్పవచ్చు కనుక ఇంజను మెల్లగా తిరిగినా చార్జింగు వస్తుంది. 1960 మోడల్ వేలియంట్ కారులో క్రైస్లర్ కంపెనీ దీన్ని మామూలు సామానుగా పెట్టింది. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో మొదటి నుంచీ ఆల్టర్నేటరే. జీపులకు, అంబాసిడర్లకు కూడా క్రమంగా వచ్చింది. చాలామంది పాత బండ్లకు డైనమో తీసి దీన్ని వేయించారు.

రోగం గుర్తించడం

ఆల్టర్నేటర్ చెడితే కొన్ని గుర్తులు చూపుతుంది. ఇంజను నడుస్తుండగా ఎర్ర బ్యాటరీ దీపం వెలగడం, మినుకుమనడం ఒకటి. ఆక్సిలేటరు తొక్కితే హెడ్ లైట్లు పెరిగి, వదిలితే తగ్గడం రెండోది. బేరింగు గరగర మూడోది. బ్యాటరీ నీళ్ళు మాటిమాటికీ తగ్గి, బల్బులు మాడిపోతుంటే రెగ్యులేటర్ అదుపు తప్పి ఎక్కువ చార్జింగు చేస్తున్నదని అర్థం. రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లవారేసరికి దిగిపోతుంటే డయోడ్ కాలి, దాని గుండా కరెంటు కారిపోతుండవచ్చు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు మూడు పనులు చేయించండి. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం కన్నా బాగా ఎక్కువ దిగకూడదు. బ్యాటరీ టెర్మినళ్ళ మీది తెల్లని, పచ్చని బూజును వేడినీళ్ళతో కడిగించి బిగించాలి. ఆపైన మీటరు పెట్టించాలి. నిండిన బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. పాత బండ్లలో ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. లైట్లన్నీ వేసినా 13 కంటే కిందికి పడకూడదు. పడితే చార్జింగు అందడం లేదు.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, బండి ఆగకపోతే చార్జింగు బాగున్నట్టే అనడం డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటర్ బండిలో ఆ పని చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు కాలిపోతాయి. ఎంత అనుభవజ్ఞుడైన మిస్త్రీ అయినా సరే, ఆ పరీక్ష చేయనివ్వకండి.

మార్పిడి

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. బోల్టులు వదులు చేసి బెల్టు దింపి ఆల్టర్నేటర్ బయటికి తీస్తారు. విప్పి చూస్తే చాలాసార్లు బ్రష్షులు, రెగ్యులేటర్, బేరింగు మారిస్తే సరిపోతుంది. మొత్తం కొత్తది కొననక్కరలేదు. కొత్తది వేస్తే పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడాలి. బెల్టు బిగించి, నెగటివ్ తీగ చివరగా కలిపి, మళ్ళీ మీటరు పెట్టాలి. డైనమో స్థానంలో వేసేవారు పాత కటౌట్ పెట్టెను తప్పించి, లావు తీగ వేయించాలి. బ్రిటిష్ నమూనా పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. దాన్ని నెగటివ్ ఎర్త్‌గా మార్చకుండా ఆల్టర్నేటర్ కలిపితే ఆ క్షణంలోనే కాలుతుంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు చేశారు. మనం తోసిన జీపులు తుక్కుగా మారాయి. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటరే లేదు. అయినా పింఛనుతో నెట్టుకొచ్చే ఇళ్ళలో పాత కారు ఇంకా ఉంది. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చి శ్రీరాంపూర్ నుంచి మంచిర్యాల ఆసుపత్రికి బయలుదేరాల్సి వస్తే, ఆ కారు ఒక్క సెల్ఫ్‌కే లేవాలి. ఈ నెలలోనే ఒకసారి మీటరు పెట్టించి చూడండి. అయిదు నిమిషాల పని.