పిల్లికి విశ్వాసం లేదా? తెలుగు సంప్రదాయంలో మార్జాల భావన: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పిల్లి మనిషిని ఎలా గుర్తిస్తుంది, మనిషితో ఎలాంటి బంధం పెట్టుకుంటుంది అన్న ప్రశ్నకు మన సాహిత్య, శిల్ప, మత సంప్రదాయాలు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పిల్లికి కృతజ్ఞత లేదన్న అభిప్రాయానికి ఆ కథలలోనే తగిన ఆధారం లేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మార్జాలం, విశ్వాసం, శాంతిపర్వం, బైడాలవ్రతం, మార్జాలకిశోర న్యాయం, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో విశ్వాసం అనగానే కుక్క గుర్తుకు వస్తుంది. పిల్లి ప్రస్తావన ఎక్కువగా దొంగతనాన్నో కపటాన్నో చెప్పవలసి వచ్చినప్పుడు వస్తుంది. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందన్న సామెత దాని బుద్ధి గురించి మనం ఇచ్చిన తీర్పు. మైపాడు, జువ్వలదిన్నె వంటి నెల్లూరు తీరగ్రామాలలో ఈ జంతువుకు రెండు ముఖాలున్నాయి. గాదెలోని ధాన్యాన్ని ఎలుకల నుండి కాపాడేది అదే. ఇసుకపై ఆరబెట్టిన చేపల దగ్గర కాపలా పెట్టవలసి వచ్చేదీ దాని కోసమే. ఒకే ఇంట్లో అవసరమైన ప్రాణి, అనుమానించవలసిన ప్రాణి ఒకటే కావడం ఈ తీర్పు వెనుకనున్న సామాజిక నేపథ్యం.

2. కపట మార్జాలం:
ఇదే సముద్రతీరం వెంట దక్షిణంగా వెళితే మహాబలిపురం వస్తుంది. అక్కడ 7వ శతాబ్దపు పల్లవ శిల్పఫలకంలో, తపస్సు చేస్తున్న మనిషికి కొంత దూరంలో, ముందుకాళ్ళు పైకెత్తి నిలుచున్న పిల్లి, దాని చుట్టూ ఎలుకలు కనిపిస్తాయి. మనుస్మృతి నాలుగవ అధ్యాయం ధర్మం పేరుతో వంచించేవాడిని బైడాలవ్రతికుడు అన్నది. ప్రచారంలో ఉన్న సంస్కృత భారత పాఠంలో, ఉద్యోగపర్వంలోని ఉలూక దూత్యఘట్టంలో, గంగ ఒడ్డున తపస్సు నటిస్తూ ఎలుకలను తిన్న పిల్లి కథ ఉంది.

ఈ కథను ఎవరు ఎవరిపై ప్రయోగించారన్నది ముఖ్యం. ధర్మరాజును నిందించడానికి దుర్యోధనుడు పంపిన సందేశంలో ఇది ఒక భాగం. అంటే ఆరోపణ చేసినవాడు దుర్యోధనుడు, ఆరోపణకు గురైనవాడు ధర్మరాజు. కావ్యసందర్భంలో అన్యాయమైన ఈ ఉపమానం, సందర్భం నుండి విడిపోయాక పిల్లి స్వభావవర్ణనగా మిగిలింది.

3. శాంతిపర్వంలోని పిల్లి:
13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంతో అనుబంధమున్న తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాలలో ఉద్యోగ, శాంతి పర్వాలు రెండూ ఉన్నాయి. ఇక్కడ చర్చిస్తున్నది సంస్కృత కథనం. ఆంధ్రీకరణతో దాని తులనాత్మక పరిశీలన వేరే వ్యాసానికి తగిన అంశం.

ఆపద్ధర్మ సందర్భంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన కథ ఇది. ఒక మర్రిచెట్టు మొదట్లో పలితుడనే ఎలుక, కొమ్మపై లోమశుడనే పిల్లి ఉంటాయి. వేటగాడు పన్నిన వలలో పిల్లి చిక్కుతుంది. అదే సమయంలో ముంగిస, గుడ్లగూబ ఎలుకను తినడానికి పొంచి ఉంటాయి. ఎలుక పిల్లితో ఒప్పందం చేసుకొని దాని ఒడిలో దాక్కుంటుంది. వేటగాడు కనిపించేదాకా ఆగి, చివరి తాడు కొరికి, పిల్లిని విడిపించి కలుగులోకి పోతుంది. తరువాత పిల్లి స్నేహం కోరుతుంది. బలవంతుడితో స్నేహం అవసరం ఉన్నంతవరకేనని ఎలుక నిరాకరిస్తుంది.

ఈ కథ రాజనీతికి చెందినది, ఎలుక జాగ్రత్త సమంజసమే. అయితే పిల్లి కృతజ్ఞత నిజమో కాదో కథ తేల్చలేదు. అది ఒప్పందాన్ని ఉల్లంఘించలేదు. తన ఒడిలో ఉన్న ఎలుకను తినలేదు. పరీక్షించే అవకాశం రాకముందే కథ ముగిసింది. కథంతా ఎలుక వైపు నుండి సాగింది కనుక పాఠకుడు ఎలుక అనుమానాన్నే పిల్లి స్వభావంగా స్వీకరించాడు.

4. మార్జాలకిశోర న్యాయం:
శ్రీవైష్ణవంలో పిల్లికి ఇందుకు పూర్తిగా భిన్నమైన స్థానం ఉంది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చేయకపోయినా తల్లి దానిని నోట కరచుకొని మోస్తుంది. మొదటిది మర్కటకిశోర న్యాయంగా వడగలై వారి దృష్టిని, రెండవది మార్జాలకిశోర న్యాయంగా తెంగలై వారి ప్రపత్తి భావనను వివరిస్తాయి. శిల్పంలో కపటిగా నిలిచిన జంతువే ఇక్కడ భగవంతుని రక్షణకు ఉపమానమైంది. ఎలుక కన్నుతో చూస్తే పిల్లి వంచకి, కూన కన్నుతో చూస్తే రక్షకి. పిల్లి కన్నుతో మనిషిని చూసిన వర్ణన మాత్రం ఈ రెండింటిలోనూ లేదు.

5. ఆధునిక పరిశోధనలు:
ఆ లోటును ఇటీవలి ప్రయోగాలు కొంత పూరిస్తున్నాయి. 2013లో జపాన్ పరిశోధకులు సైతో, షినోజుకా 20 పెంపుడు పిల్లులకు అపరిచితుల గొంతులను, యజమాని గొంతును వినిపించారు. అవి యజమాని గొంతును గుర్తుపట్టాయి. కానీ ఆ గుర్తింపు చెవులు, తల కదిలించడంలోనే కనిపించింది; అరుపులోనో తోక కదలికలోనో కాదు. బదులు పలకకపోవడాన్ని గుర్తుపట్టకపోవడంగా భావించడం మన పొరపాటని ఇది సూచిస్తుంది. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లికూనలను కొద్దిసేపు ఒంటరిగా ఉంచి, సంరక్షకులు తిరిగి వచ్చినప్పటి ప్రవర్తనను పరిశీలించారు. వర్గీకరించిన 70 కూనలలో 64.3 శాతం సంరక్షకుల సమక్షంలో కుదుటపడ్డాయి.

పిల్లి మనిషి ఒడిని ముందుకాళ్ళతో పిసకడం, పాలు తాగేటప్పుడు కూన తల్లి పట్ల చేసే పని. ఎదిగిన పిల్లులు తమలో తాము 'మ్యావ్' అనడం అరుదు. కూనలు తల్లిని, పెంపుడు పిల్లులు మనిషిని అలా పిలుస్తాయి. మార్జాలకిశోర న్యాయంలో మనిషి కూన, దైవం తల్లిపిల్లి. ఈ ప్రవర్తనను బట్టి చూస్తే ఇంటి పిల్లి మనిషిని చాలావరకు తల్లి స్థానంలో ఉంచుతున్నదని చెప్పవచ్చు. ఆ న్యాయంలోని కూన స్థానం పిల్లిదైంది, మోయవలసిన బాధ్యత మనిషిదైంది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, కపట మార్జాలం మనుషుల వంచనను చెప్పడానికి ఏర్పడిన ఉపమానం. దానిని జంతుస్వభావానికి సాక్ష్యంగా తీసుకోరాదు. రెండు, శాంతిపర్వకథ పిల్లిని దోషిగా నిరూపించలేదు. మూడు, విశ్వాసమనే మాటకు మనం కుక్క ప్రవర్తననే కొలమానంగా పెట్టుకున్నాం. ప్రాచీన సాహిత్యంలో జంతువులపై పరిశోధన చేసేవారు, కథ ఏ ప్రాణి పక్షాన నడుస్తున్నదో ముందుగా గుర్తించవలసి ఉంటుంది. చేపల గంప దగ్గర అదిలింపులు తిని, సాయంత్రానికి అదే ఇంటి గడప దగ్గర కూర్చునే పిల్లిని విశ్వాసం లేనిదనడానికి మన గ్రంథాలు చాలవు.